నక్క వినని రెండో సగం

గోదారి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవికి అవతల ఒక ఇసుక దిబ్బ ఉంది. నీళ్ళు వెనక్కి తీసే పాటు వేళ అడవి నుంచి దిబ్బ దాకా సన్నటి ఇసుక మేట తేలుతుంది. పోటు రాగానే మునిగిపోతుంది. ఆ మొగలో బతికేవాళ్ళందరూ తెల్లారగానే గంగులు అనే ముసలి పీత బొరియ ముందు చేరతారు. ఆకాశం సంగతి గద్ద తెచ్చి చెబుతుంది, నీటి సంగతి చేపలు చెబుతాయి. రెండూ కలిపి ఆ రోజు వాతావరణం ఎలా ఉంటుందో గంగులు చెబుతాడు. ముందు ఎగిరేవాళ్ళకి, తర్వాత ఈదేవాళ్ళకి. అదేం జబ్బో గానీ, మొదటి సగం అవగానే రెక్కలున్నవాళ్ళందరూ లేచిపోతారు. తమది కాని కబురు ఒక్క ముక్క ఎక్కువ వింటే చెవులు అరిగిపోతాయి కాబోలు.

ఆ రోజు గంగులు గొంతు మామూలుగా లేదు.

"ఎగిరేవాళ్ళు వినండి. మధ్యాహ్నం నుంచి గాలి ముంచుకొస్తుంది. పైకి లేస్తే ఎటు విసిరేస్తుందో నేను చెప్పలేను. పొద్దుగూకేదాకా అడవి దాటకండి."

పిట్టలన్నీ గోలగోలగా లేచిపోయాయి. పొద చాటున పొంచి వింటున్న నక్క కూడా లేచింది. దిబ్బ మీద పిట్టలు పెట్టే గుడ్ల మీద ఈ నక్కకి ఎన్నాళ్ళుగానో కన్ను. కానీ వంద పిట్టలు ఒక్కసారిగా వచ్చి కళ్ళు పొడుస్తాయని భయం. ఇప్పుడు మిగతావాళ్ళ పిల్లలు ఎగిరిపోయాయి. ముత్యాలు అనే ఇసుకపిట్ట ఒక్కటే ఇంకా పొదుగుతోంది. మొదట పెట్టిన గుడ్లు నీళ్ళపాలైతే, పాపం, మళ్ళీ పెట్టింది. ఇవాళ గాలికి అది ఎగరలేదు, తోటి పిట్టలు సాయం రాలేవు. మధ్యాహ్నం మేట ఎలాగూ తేలుతుంది. ఏళ్ళ తరబడి చూస్తున్న దారి, చేపల కబుర్లతో నాకేం పని అనుకుని నక్క కునుకు తీయడానికి వెళ్ళిపోయింది.

ముత్యాలు మాత్రం కదల్లేదు. మీ సగం అయిపోయింది కదమ్మా, ఇంకా కూర్చున్నావేం అని గంగులు విసుక్కున్నాడు.

"నా గుడ్లకి రెక్కలు లేవు కదండీ. రెండోది కూడా విని వెళతాను."

ఈదేవాళ్ళకి గంగులు చెప్పింది ఇదీ. నడిసముద్రంలో తుఫాను ఉంది, అక్కణ్ణుంచి కెరటం తోసుకొస్తోంది. ఇవాళ పాటు పూర్తిగా తియ్యదు. మేట కాసేపు తేలి, మధ్యాహ్నమే మునుగుతుంది. మొగలో సుడులు లేస్తాయి, నీరుకుక్కలు కూడా దిగొద్దు. మరి దిబ్బ సంగతేమిటని ముత్యాలు అడిగింది. గంగులు చేపల్ని మరోసారి వాకబు చేసి, నీళ్ళు నీ గూటికి జానెడు కిందే ఆగిపోతాయి, గాలికి మాత్రం నువ్వే కాసుకోవాలి అన్నాడు. ముత్యాలు వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. లోపల పిల్లలు అప్పుడే పెంకు కొడుతున్నాయి. వాటిని వదిలి ఎక్కడికి పోతుంది?

చెప్పిన వేళకే గాలి వచ్చింది. ఇసుక కళ్ళలో కొడుతోంది. ముత్యాలు నేలకి కరుచుకుపోయి చూసేసరికి, కాలు తడవకుండా మేట మీద నడిచొస్తోంది నక్క. అరిచినా ఆ గాలిలో వినేవాళ్ళు లేరు.

"ఏం ముత్యాలూ, ఒక్కదానివే ఉన్నట్టున్నావు. కాస్త పక్కకి జరుగు."

"జరుగుతాలే మావా. లోపల పిల్లలు పెంకు కొడుతున్నాయి, చెవి పెట్టి విను. ఇప్పుడు తింటే నీకు దక్కేది పెంకులే. కాసేపు ఆగకూడదూ?"

ఆ మాట అనడానికి ఆ తల్లికి ప్రాణం పోయినంత పనైంది. నక్క చెవి పెట్టింది. లోపల సన్నగా కిచకిచ. నోట్లో నీళ్ళూరి, సముద్రం వైపు వీపు పెట్టి తీరుబడిగా కూర్చుంది. దాని భుజం మీదుగా ముత్యాలు మేటనే చూస్తోంది. అంచులు మునిగాయి. నడుమ ఇంకా దారి ఉంది. ఇంతలో ఒక గుడ్డు పగిలి చిన్న ముక్కు బయటికి వచ్చింది. నక్క లేచి మూతి ముందుకి చాచింది.

"మావా, పొద్దున్న కబురు మొత్తం విన్నావా?" అంది ముత్యాలు.

"విన్నాను. గాలి వస్తుందన్నాడు, వచ్చింది."

"అది మా సగం. మేట ఇవాళ త్వరగా మునుగుతుందని ఈదేవాళ్ళ సగంలో చెప్పాడు. వెనక్కి చూడు."

నక్క చూసింది. మేట స్థానంలో తడి గీత ఒకటి మిగిలింది.

"మరి దిబ్బో? దిబ్బ కూడా మునుగుతుందా?"

"అదీ ఆ సగంలోనే చెప్పాడు" అని ముత్యాలు ఊరుకుంది.

దిబ్బ మునిగేదే అయితే ఈ తల్లి ఇంత నిబ్బరంగా ఎందుకు కూర్చుంటుందని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. భయం ఆ క్షణం ఇవ్వలేదు. ఒక కెరటం దిబ్బ అంచుని కొట్టి తుంపర మీద పడగానే నక్క పరుగు లంకించుకుంది. సగం దూరం వెళ్ళేసరికి కాళ్ళ కింద ఇసుక లేదు. సుడిలో దాని తల రెండుసార్లు కనబడి మాయమైంది.

సాయంత్రం గాలి తగ్గాక నీరుకుక్క కబురు తెచ్చింది. కడుపు నిండా ఉప్పునీళ్ళు తాగి, మడ వేళ్ళలో ఇరుక్కుని, చివరికి ఎలాగో బయటపడిన నక్క ఎవరినీ పలకరించకుండా కుంటుకుంటూ అడవిలోకి పోయిందట. ముత్యాలు నవ్వలేదు. రెక్కల కింద మూడు పిల్లలు వెచ్చగా ఉన్నాయి.

తనకి నచ్చిన ముక్క దగ్గరే లేచిపోయినవాడు, మిగతా ముక్క మెడ దాకా వచ్చాకే తెలుసుకుంటాడు.