పొద్దెక్కాక వేసిన ముగ్గు

అనగనగా ఒక కొండ ఊళ్ళో పైడమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. దుప్పటి సరిగ్గా కప్పుకో, ఆ ఊరి చలి తలుచుకుంటేనే నాకు వణుకొస్తుంది. మార్గశిరం వచ్చిందంటే తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు ఉండేది. వాకిట్లోకి దిగే రాతి మెట్టు నున్నగా జారిపోతుండేది.

పైడమ్మ ఒళ్ళు అలిసిపోయింది. మోకాళ్ళు మొరాయించేవి. అయినా చీకటితోనే లేచి కళ్ళాపి చల్లి ముగ్గు వెయ్యందే ఊరుకునేది కాదు. పొద్దెక్కాక ముగ్గు వేస్తే ఇరుగుపొరుగు నవ్వుతారని ఆవిడ బెంగ.

ఇంట్లో కోడలు వరహాలు నిండు నెలల మనిషి. పాపం, ఆ పిల్లకి తల్లి లేదు. కాళ్ళు చాపుకుని, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి, నలుగు పెట్టి నీళ్ళు పోయడంలో ఆ ఊళ్ళో పైడమ్మ తర్వాతే ఎవరైనా. పుట్టబోయే బిడ్డకి ఆ కాళ్ళే దిక్కు.

ఒకరోజు కళ్ళాపి చల్లుతూ పైడమ్మ ఆ మెట్టు మీద కూడా పేడనీళ్ళు కుమ్మరించింది. అసలే మంచు, ఆపైన పేడనీళ్ళు! అరిగిపోయిన రబ్బరు చెప్పు సర్రున జారింది. బకెట్టు దొర్లిపోయింది, మనిషి గోడ పట్టుకుని నిలబడింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత రెండోరోజూ అంతే. ఈసారి మోచెయ్యి దోక్కుపోయింది. కొంగు కప్పేసుకుని పనిలో పడింది. మొండిఘటం!

మూడోరోజు బకెట్టు పట్టుకుని గడప దాకా వచ్చి, మెట్టు చూసి ఆగిపోయింది. ఈ కాలు విరిగితే బిడ్డని దేని మీద పడుకోబెట్టను అనుకుంది. అప్పుడు దుఃఖం పొంగుకొచ్చింది. గడప మీద కూర్చోకూడదని అందరికీ చెప్పే మనిషి, అదే గడప మీద కూలబడి ఏడ్చింది.

వరహాలు లేచొచ్చింది. "ఏటత్తా, ఏటైంది?"

"ఓపిక నేదే అమ్మా. ఆ మెట్టు దిగాలంటే బయమేస్తంది."

అప్పుడు కోడలు కూడా పక్కనే కూర్చుంది. "నవ్వినోళ్ళని నవ్వనీ అత్తా. మంచు ఆరినాకే ముగ్గెయ్యి. నీ కాళ్ళు నాకు కావాల."

ఆ రోజే మెట్టు మీద ఏటి ఇసుక చల్లారు. గడప పక్కన చేతికందేలా వెదురుకర్ర పెట్టారు. పైడమ్మ ఎండ వచ్చేదాకా కుంపటి దగ్గర కూర్చుని, ఆ తర్వాత కర్ర పట్టుకుని దిగేది. ఊరు నాలుగు రోజులు నవ్వింది. ఆ తర్వాత ఎదురింటి ముసలమ్మ కూడా ఎండ కోసం కాచుకోవడం మొదలెట్టింది.

పుష్యమాసంలో ఆడపిల్ల పుట్టింది. పైడమ్మ అలిసిన ఆ రెండు కాళ్ళూ చాపి పిల్లని పడుకోబెట్టుకుంది. నీళ్ళు పోస్తుంటే పిల్ల కేరుమంది, ముసలమ్మ నవ్వింది.

ఆ పిల్లే మీ అమ్మ. ఆ వరహాలు నేనే. ఇప్పుడు నా మోకాళ్ళ వంతు వచ్చింది తల్లీ. రేపు ఎండ వచ్చేదాకా నన్ను లేపకు. ఆ కర్ర ఇలా మంచం పక్కన పెట్టు.

కథ నడిచె కంచికి,
కర్ర చేరె చెంతకి,
మనమిద్దరం దుప్పట్లోకి,
ఎండొచ్చాకే వాకిట్లోకి!