రంపానికి అటు కొస

జయకర్‌కు వచ్చిన చిక్కు ఎవరికి చెప్పినా నవ్వేలా ఉంది. ఇంట్లో ఒక్కడే కూర్చుని గిటారు వాయిస్తే తాళం ఎక్కడా తప్పదు. ఆదివారం చర్చిలో పదిమందితో కలిసి వాయిస్తే మాత్రం పాట చెదిరిపోతుంది. అందరూ రెండో చరణం చివర ఉండగానే అతను మూడో చరణంలో అడుగుపెట్టేస్తాడు.

మొదట తప్పు తనదే అనుకున్నాడు. మద్రాసు బండిలో వెళ్లే గార్డు ఒకాయన్ని బతిమాలి మెట్రోనోమ్ తెప్పించుకున్నాడు. కీ ఇస్తే ముల్లు అటూ ఇటూ ఊగుతూ టిక్కు టిక్కుమని తాళం వేసే చెక్కపెట్టె అది. దాని ముందు కూర్చుని నెలల తరబడి సాధన చేశాడు. ముల్లు ఊగిన ప్రతిసారీ చెయ్యి తీగల మీద పడేది, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఇక తనలో లోపం లేదని తేలిపోయింది.

తనలో లోపం లేదనుకున్నవాడికి ఎదుటివాళ్ల లోపాలు మహా బాగా కనిపిస్తాయి. చర్చిలో పాటలు పాడించే సుందరమ్మగారు ప్రతి వరసా చివర సాగదీస్తున్నారని, ఆమె వెనక బృందమంతా సాగుతోందని జయకర్ కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకున్నా బాగుండేది. ఒక సాయంత్రం ఆ పెట్టెను చర్చికి మోసుకెళ్లి హార్మోనియం మీద పెట్టి, అందరూ దీని ప్రకారం పాడితే ఏ గొడవా ఉండదని చెప్పాడు.

పాపం, వాళ్లూ ప్రయత్నించారు. పాట సగానికి వచ్చేసరికి కొందరికి ఊపిరాడలేదు, కొందరికి నవ్వాగలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి వరస అని వెనక బల్ల మీద ఎవరో గొణిగారు.

సుందరమ్మగారు నవ్వలేదు. పెట్టెను తీసి జయకర్ చేతిలో పెట్టారు.

"ఆదివారం కోతపండగ. రేపు శనివారం సాధనలో కూడా ఇట్టాగే అయితే, గిటారు ఇంటికాడే ఉంచు నాయనా. మాకు హార్మోనియం చాలు," అన్నారు.

ఆ రాత్రి జయకర్‌కు అన్నం సహించలేదు. చిన్నప్పటినుంచీ అతనికి పాటలంటే ప్రాణం, గొంతు మాత్రం లేదు. నోరు తెరిస్తే పక్కవాళ్లు తిరిగి చూసేవాళ్లు. వేళ్లతోనైనా ఆ పాటలో ఉందామనే గిటారు పట్టాడు. అదీ పోతే మళ్లీ వెనక బల్లమీద నోరు మూసుకుని కూర్చోవడమే.

మర్నాడు తెల్లవారగానే గిటారు భుజానికి తగిలించుకుని, పెట్టె చంకన పెట్టుకుని తిమోతి మాస్టారి ఇంటికి వెళ్లాడు. మాస్టారు బిట్రగుంట లోకోషెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. రైల్వే కాలనీలో గిటారు పట్టిన ప్రతివాడూ ఆయన వరండాలో కూర్చుని నేర్చుకున్నవాడే. జయకర్‌కూ రెండేళ్లుగా ఆయనే గురువు.

జరిగిందంతా చెప్పి, పెట్టెకు కీ ఇచ్చి, పండగలో పాడే పాట మొదటినుంచి చివరిదాకా వాయించాడు. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"బాగుంది," అన్నారు.

"అయితే తప్పు వాళ్లదేనా మాస్టారూ?"

మాస్టారు వేలితో ముల్లును ఆపారు.

"రంపం పట్టడం వచ్చా?"

జయకర్ గిటారు పక్కన పెట్టాడు. మాస్టారు అప్పటికే లేచి పెరట్లోకి నడిచారు. నిరుటి గాలివానకు పడి ఎండిపోయిన తుమ్మచెట్టు మొద్దు అక్కడుంది. పండగ వంటకు కట్టెలు ఇస్తానని ఆయన ఒప్పుకున్నారు. రెండు కొసలా పిడులున్న పొడుగాటి రంపం గోడకు ఆనించి ఉంది. అటు కొస పట్టాల్సిన మనిషికి జ్వరం వచ్చిందని చెప్పి, జయకర్‌ను అటు కూర్చోమన్నారు.

సాయంత్రానికి తాడో పేడో తేలిపోతుంటే ఇప్పుడు కట్టెలు కొట్టడమేమిటని జయకర్‌కు విసుగేసింది. కానీ మాస్టారు ఊరికే ఏ పనీ చెప్పరు. ఇదెటు పోతుందో చూద్దామనిపించి కూర్చున్నాడు.

కుర్రాడు, బలమున్నవాడు. గట్టిగా లాగాడు, అంతే గట్టిగా తోశాడు. రంపం విల్లులా వంగి మొద్దులో బిగుసుకుపోయింది. మాస్టారు దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టారు. మళ్లీ బిగుసుకుంది. రంపానికి పదును లేదేమోనని జయకర్ అన్నాడు. మాస్టారు రంపం పళ్ల మీద కాస్త కిరసనాయిలు రాశారు. మళ్లీ బిగుసుకుంది. మొద్దు పచ్చిగా ఉందేమో అన్నాడు. మాస్టారు మొద్దు వైపు చూశారు, శిష్యుడి వైపు చూశారు.

"నీ వంతుకు లాగు. తొయ్యొద్దు," అన్నారు.

"మీకు శ్రమ అవుతుందని తోస్తున్నా మాస్టారూ."

"నీ సాయం వల్లే ఇది బిగుసుకుంటోంది."

జయకర్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. తియ్యొద్దని మాస్టారు తల ఊపారు. చెయ్యి పిడి మీదే ఉండాలి, వదులుగా. అది అటు పోతే దాంతోపాటు పోవాలి. అంతే.

చెప్పినంత తేలిక కాదు అది. తన వంతు లాగడం అయ్యాక, ఏ పనీ లేకుండా పిడి పట్టుకుని ఉండటం జయకర్‌కు చేతకాలేదు. చెయ్యి దానంతటదే ముందుకు ఉరికేది. కాసేపటికి భుజాలు నొప్పెట్టి, ఉరకడానికి ఓపిక లేక వదులైంది. అప్పుడు రంపం సాఫీగా అటు జరిగింది.

ఆ ఖాళీలో అతనికి ఏవేవో తెలియసాగాయి. మాస్టారు లాగుతుంటే ఆ లాగుడు రంపం వెంట వచ్చి తన అరచేతిలో తెలుస్తోంది. ఆయన కుడిభుజం కాస్త పట్టేసినట్టుంది, లాగడం పూర్తయ్యే ముందు చిన్న కుదుపు. తర్వాత ఆయన గాలి పీల్చుకుంటారు. అప్పుడు పిడి కొద్దిగా వదులవుతుంది. అదీ తన వంతు.

ఆ ఆగడం ఎంతసేపో తెలుసుకోవాలని మనసులో లెక్కపెట్టాడు. ఒకసారి ఎక్కువుంది, ఒకసారి తక్కువుంది. లెక్కపెడుతున్నంతసేపూ తప్పిపోయాడు. లెక్క మానేసి అరచేతినే నమ్ముకున్నాక తప్పలేదు. మాస్టారు మధ్యలో నెమ్మదించారు, ఇంకోసారి వేగం పెంచారు. జయకర్ గమనించనైనా లేదు, ఆయన వెంట వెళ్లాడు. పొట్టు ఇద్దరి కాళ్ల మీదా సమంగా రాలుతోంది. రంపం చప్పుడు మారిపోయింది, గొంతు విప్పినట్టు.

మొద్దు రెండుగా తెగి దొర్లింది.

"ఎంత వేగంతో కోశాం మాస్టారూ?" అని అడిగాడు జయకర్, ఆయాసపడుతూనే.

"తెగింది కదా," అన్నారు మాస్టారు. అని, రంపాన్ని మొద్దు మీద తర్వాతి కోతకు గీసుకున్న గుర్తు దగ్గర పెట్టారు.

సాయంత్రం సాధనకు జయకర్ పెట్టె తీసుకెళ్లలేదు. సుందరమ్మగారు అతన్ని ఒకసారి చూసి పాట ఎత్తుకున్నారు. మొదటి వరస చివరికి రాగానే అతని చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. లేచిన చేతిని అక్కడే వదులుగా ఉంచాడు. భయమేసింది. అంతమందిలో ఏమీ వాయించకుండా చెయ్యి అలా ఉంచడం కంటే తప్పు వాయించడమే సులువనిపించింది.

అప్పుడు వినిపించింది. ముందు సుందరమ్మగారు గాలి పీల్చుకున్నారు. వెంటనే ఆడవాళ్ల వైపునుంచి, మగవాళ్ల వైపునుంచి, అందరి ఊపిరీ ఒక్కసారి లోపలికి వెళ్లింది. పెద్ద చప్పుడేం కాదు. కానీ ఇన్నాళ్లూ ఇది ఇక్కడే ఉందా అని జయకర్‌కు ఆశ్చర్యం కలిగింది. ఆ ఊపిరి నిండిన చోట అతని చెయ్యి తీగల మీద పడింది. అదే క్షణాన అందరూ రెండో వరస ఎత్తుకున్నారు.

మూడో చరణానికి అందరూ కలిసే వెళ్లారు. జయకర్ కళ్లు తడిశాయి. గొంతు లేనివాడు మొదటిసారి పదిమందితో కలిసి పాడాడు.

పాట అయ్యాక సుందరమ్మగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "రేపు పెందలాడే వచ్చెయ్ నాయనా. మొదటి పాట నీ గిటారుతోనే ఎత్తుకుందాం," అన్నారు.

అతను తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్లాడు. ఆయన వరండాలో కూర్చుని చేతికి గుచ్చుకున్న పేడు తీసుకుంటున్నారు. సంగతంతా విని సంతోషించారు. జయకర్ మెట్టు మీద కూర్చుని, ఉండబట్టలేక అడిగాడు.

"రెండేళ్లుగా మీ దగ్గరికి వస్తున్నా. ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదేంది మాస్టారూ?"

తిమోతి మాస్టారు తలెత్తి చూశారు.

"వచ్చినప్పుడల్లా చెప్పా అబ్బాయ్. అప్పుడు నువ్వు వాయిస్తూ ఉండేవాడివి."