అమ్మని అటకెక్కించిన మందు

పుల్లేటిలంకలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే గుమ్మళ్ళ అన్నదమ్ములు ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. పెద్దవాడు అబ్బులు, నడిపివాడు చిట్టబ్బాయి, చిన్నవాడు పోసియ్య. "లోకంలో సగం మంది మాట సరిగ్గా వినరండి. విన్నవాళ్ళు విన్నట్టు చెయ్యరండి. మేం విన్నది విన్నట్టు చేస్తాం. తెలివంటే అదేనండి" అంటాడు అబ్బులు మీసం దువ్వుకుంటూ.

ఆ మాట అబద్ధమని నేననను. ఓసారి ఎదురింటి మేస్టారు ఊరెళ్తూ "మా ఇంటి మీద ఓ కన్నేసి ఉంచు అబ్బులూ" అన్నారు. ఇంకేముంది! అబ్బులు ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కన్ను మేస్టారి ఇంటి మీద వేసి, పొద్దస్తమానం అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. దొంగ వచ్చాడు, గోడ దూకాడు, బియ్యం బస్తా భుజానేసుకుని దర్జాగా వెళ్ళాడు. మేస్టారు తిరిగొచ్చి లబోదిబోమంటే, "ఎర్ర చొక్కా వాడండి. బస్తా ఎడం భుజాన పెట్టుకున్నాడండి. రెండు కళ్ళూ వెయ్యమని ఉంటే మొహం కూడా చూసి పెట్టేవాణ్ణండి" అన్నాడు.

అలాంటి బిడ్డల్ని కన్న తల్లి ఆదెమ్మ. కొడుకుల తెలివి చూసి మురిసిపోయే మనిషి. ఊళ్ళో ఏ ఇంట్లో పురుడొచ్చినా పసిపిల్లకి నీళ్ళు పొయ్యడానికి ఆదెమ్మే వెళ్ళాలి. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండి పెట్టి నలిచి, గోరువెచ్చని నీళ్ళు పోసిందంటే ఎంత పేచీకోరు పిల్లయినా సాయంత్రం దాకా నిద్దరే. ఇప్పుడు సొంత కూతురు వరహాలుకి నెలలు నిండాయి. అత్తగారి ఊరి ఆస్పత్రిలో పురుడు పోసుకుని, పిల్లనెత్తుకుని పుట్టింటికి వస్తానంది. సరిగ్గా అప్పుడే ఆదెమ్మకి మోకాళ్ళూ నడుమూ ఒకటే సలుపు. కాళ్ళు జాపితే ముడుచుకోలేదు, ముడిస్తే జాపుకోలేదు.

"ఊళ్ళో వాళ్ళ పిల్లలందరికీ పోసి, నా పిల్ల పిల్లకి పొయ్యలేకపోతే ఇంక నా బతుకెందుకురా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుకులు ముగ్గురూ ఆవిణ్ణి టౌనులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, "ఒంట్లో డి విటమిన్ తగ్గింది. అది ఎండలోంచి వస్తుంది. పొద్దున్న పూట ఎండలో కూర్చోండి. వారానికొకటి వేసుకునే బిళ్ళ, మందుల షాపులో దొరుకుతుంది, మంచిది చూసి కొనుక్కోండి" అని చెప్పింది.

మంచిది చూసి కొనుక్కోమంది. అంతే, తల్లిని బండెక్కించి ఇంటికి పంపేసి, ముగ్గురూ వెళ్ళి భద్రం గారి మందుల షాపు ముందు నిలబడి కళ్ళు చికిలించి చూడ్డం మొదలుపెట్టారు. చాలాసేపు చూశారు. భద్రం గారికి చిరాకేసింది.

"ఏం కావాలయ్యా?"

"ఎండతో చేసిన మందండి. చూస్తున్నామండి" అన్నాడు అబ్బులు.

భద్రం గారు మంచివాడే. విషయం రాబట్టుకుని నాలుగైదు రకాలు బల్ల మీద పెట్టాడు. బిళ్ళలు, పొడి పొట్లాలు, చుక్కల మందు, చప్పరించే బిళ్ళలు. అబ్బులు ఒక్కో పెట్టె మీదా చెయ్యేసి చూశాడు, బుగ్గకి ఆనించుకున్నాడు, పెదవి విరిచాడు.

"అన్నీ చల్లారిపోయాయండి. ఎండతో చేసిందయితే వేడిగా ఉండాలి కదండి. ఈ పూట చేసినవి లేవా?"

"అవి గారెలు కావురా నాయనా!"

చిట్టబ్బాయి ఒక పెట్టె తిప్పి చూసి, "దీని మీద డి త్రీ అనుందండి. మూడోది ముందెలా వేసుకుంటామండి? ఒకటోదీ రెండోదీ ఇప్పించండి, వరసలో వద్దాం" అన్నాడు. అది మందు పేరేనని చెప్పేసరికి భద్రం గారి నోట్లో తడారిపోయింది.

"ఇదిగో, బొమ్మ చూసి మందు కొనకూడదు" అన్నాడాయన ఓపిగ్గా. "బలం ఎంతో చూడాలి. రోజుకొకటి వేసుకునేదా, వారానికొకటా అని చూడాలి. గడువు తేదీ చూడాలి. మీ అమ్మ ఇంకేమన్నా మందులు వాడుతుంటే చెప్పాలి. బలం కదా అని ఎడాపెడా మింగితే ఒంటికి చెడుపు. వారానికొకటంటే ఒకటే."

ఆయన బొమ్మ అన్నాడు కాబట్టి అప్పటిదాకా బొమ్మలు చూడని ముగ్గురూ ఇప్పుడు బొమ్మలే చూశారు. ఒక పెట్టె మీద ముసలావిడ నవ్వుతోంది. పోసియ్య దాన్ని గబుక్కున పక్కకి నెట్టేశాడు. "ఈవిడెవరో మనకి తెలీదు. పరాయి వాళ్ళ మందు అమ్మకి వేస్తే ఊరుకుంటారా?" ఇంకోదాని మీద ఒకాయన పరిగెడుతున్నాడు. "అయ్ బాబోయ్, ఇదసలే వద్దు. అమ్మ ఇలా పరుగందుకుంటే ఎవడు పట్టుకొస్తాడు?" అన్నాడు చిట్టబ్బాయి. మూడోదాని మీద సూర్యుడి బొమ్మ ఉంది. అది వారానికొకటి వేసుకునే బిళ్ళే. భద్రం గారు కూడా అదే మంచిదన్నాడు, ఈ గొడవ వదుల్తుందని.

అబ్బులు అట్ట మీద అచ్చువేసిన తెలుగు కూడబలుక్కుని చదివి గతుక్కుమన్నాడు. "ఏంటండీ ఇది? సూర్యుడి బొమ్మేశాడు, ఎండ తగలనివ్వొద్దంటాడు! తండ్రి మొహం బిడ్డకి చూపించొద్దన్నట్టుంది."

అక్కడ భద్రం గారి ఓపిక అయిపోయింది. "మీ తెలివి నా దగ్గర ఉపయోగించకండి! అట్ట మీద ఏముందో తూచా తప్పకుండా అదే చెయ్యండి. వెళ్ళండి!"

పాపం, ఆ మాట ఎవరితో అంటున్నాడో చూసుకోలేదు.

బయట ఎండ మాడిపోతోంది. ముగ్గురి దగ్గరా ఉన్నది ఒకటే గొడుగు. పెట్టెని తడిలేని తువ్వాల్లో చుట్టి, దానికి గొడుగు పట్టి, ముగ్గురూ బోడినెత్తులతో ఎండలో నడిచి ఊరు చేరారు. దారిలో జనం గొడుగు కింద ఎవరో పసిబిడ్డ ఉందనుకుని తప్పుకున్నారు.

ఇంటికొచ్చి ఆదెమ్మకి అన్నం పెట్టి, బిళ్ళ వేసి, పాలు తాగించారు. ఆవిడ మూతి తుడుచుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు అరుగు మీద ఎండలో కాళ్ళు జాపుకుని కూర్చుంది. అబ్బులు అట్టపెట్టె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఎండ తగలరాదు. పొడిగా, చల్లగా ఉన్న చోట ఉంచవలెను. ఒరే చిట్టబ్బాయ్, మందెక్కడుంది?"

"అమ్మ కడుపులో ఉందన్నయ్యా."

"అమ్మెక్కడుంది?"

"అరుగు మీద, ఎండలో... అమ్మో!"

అంతే. ముగ్గురూ ఆదెమ్మని పీటతో సహా ఎత్తి, కిటికీ లేని కొట్టుగదిలో దింపారు. డాక్టరమ్మ ఎండ అంది కదా అని ఆవిడ గొణిగితే, "అది మందు లేనప్పటి మాటమ్మా. ఇప్పుడు నువ్వు మందున్న మనిషివి" అన్నాడు అబ్బులు. ఆదెమ్మకి ఆ మాట సబబుగానే తోచింది. కొడుకులకి తెలివి ఎక్కణ్ణించొచ్చిందనుకున్నారు మరి!

పొడిగా ఉంచాలి కాబట్టి ఆవిడకి స్నానం మానిపించారు. పొడి తువ్వాలుతో తుడిచి, ఒంటికి ముగ్గుపిండి చల్లారు. మంచినీళ్ళు అడిగితే పెద్ద చర్చే జరిగింది.

"నీళ్ళు పోస్తే లోపల మందు తడవదూ?" అన్నాడు పోసియ్య.

"మరి పాలు పోశాం కదరా?"

"పాలు తెల్లగా ఉంటాయి. తడి అంతా నీళ్ళలోనే ఉంటుంది."

అలా ఆదెమ్మ పాలూ మజ్జిగా మీద నెగ్గుకొచ్చింది. వారానికో బిళ్ళ పడుతోంది. మందు మహిమో, మూల కూర్చుని కాళ్ళకి విశ్రాంతి దొరకడమో గానీ సలుపు కాస్త తగ్గింది. కాళ్ళు జాపి చూసుకుని, ముడిచి చూసుకుని, చీకట్లో ఒక్కత్తీ నవ్వుకుంది.

ఇంతలో కబురొచ్చింది. వరహాలు ఆడపిల్లని కంది, పురుడు వెళ్ళగానే బయల్దేరింది, రేపో మాపో వచ్చేస్తుంది. ఇల్లంతా పండగే. పోసియ్య ఉయ్యాల కట్టాడు. చిట్టబ్బాయి సున్నిపిండి ఆడించుకొచ్చాడు. అబ్బులు మాత్రం అట్టపెట్టె మరోసారి తీసి చదివి, చెమటలు కక్కుతూ నేల మీద చతికిలబడ్డాడు.

"ఒరే, కొంప మునిగింది. పిల్లలకు అందకుండా ఎత్తులో ఉంచవలెనట!"

ఇంకేముంది! నులక మంచానికి నాలుగు పక్కలా మోకులు కట్టారు, దూలం మీదుగా వేశారు, ఆదెమ్మని మంచం మీద కూర్చోబెట్టి "హైలెస్సా" అని లాగారు. ఊరంతా గుమ్మంలో మూగింది. ఒకవైపు మోకు ముందు లేచి మంచం ఒరిగితే ఆదెమ్మ "రామరామ" అంటూ దూలాన్ని వాటేసుకుంది. చివరికి ఎలాగో వంటింటి చెక్కల అటక మీద, గుమ్మడికాయలకీ ఆవకాయ జాడీలకీ మధ్య స్థిరపడింది.

మర్నాడు వరహాలు పిల్లతో దిగింది. "అమ్మేదీ?" అంటే ముగ్గురూ పైకి చూపించారు. సంగతి విని అది కూడా గుమ్మళ్ళ ఆడపడుచే కాబట్టి ముందు "నిజమే కదా" అంది. తర్వాత పిల్ల మొహం చూసి ఏడుపు మొదలెట్టింది.

"పెద్దన్నయ్యా, నా పిల్లకింకా చెయ్యి చాపడమే రాదు. అమ్మ దానికెలా అందుతుంది?"

"ఇవాళ రాదు. రేపొస్తుంది. పిల్లలతో చెప్పలేం."

పైనుంచి ఆదెమ్మ చెక్కల సందులోంచి ఒక కన్నుతో మనవరాల్ని చూసుకుంటోంది. గుప్పెడు పిల్ల. బుగ్గ మీద నల్ల చుక్క. "ఒక్కసారి నా కాళ్ళ మీద పడుకోబెట్టండర్రా. నొప్పి కూడా తగ్గింది. ఒక్క చెంబుడు నీళ్ళు పోస్తాను" అని బతిమాలింది. ఆవిడ కన్నీళ్ళు టపటపా కింద పడుతుంటే కొడుకులు ముగ్గురికీ గుండె తరుక్కుపోయింది. వాళ్ళూ బావురుమన్నారు. కానీ అట్ట మీద ఉన్నది ఉన్నదే కదా!

తల్లి ఏడుపు చూడలేక వరహాలు ఎవరూ చూడకుండా నిచ్చెనెక్కింది. పిల్ల మొహం తల్లి మొహానికి దగ్గరగా పెట్టింది. ఆదెమ్మ వేలితో బుగ్గ నిమరబోయింది. పిల్ల ఆ వేలిని గుప్పెట్లో బిగించి పట్టుకుంది.

"అందింది!" అని కింద నుంచి పోసియ్య గావుకేక పెట్టాడు. "పిల్లకి మందు అందిపోయింది!"

అన్నదమ్ములు ముగ్గురూ పడుతూ లేస్తూ భద్రం గారి షాపుకి పరిగెత్తారు.

"అయ్యా, మా మేనకోడలికి డి మందు అందిపోయిందండి! పురిటి పిల్లండి!"

భద్రం గారు స్టూలు మీంచి గబుక్కున లేచాడు. "ఎంత మింగింది? త్వరగా చెప్పండి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి!"

"మింగలేదండి, పట్టుకుందండి."

"ఎంత పట్టుకుంది?"

"ఒక వేలేనండి. మొత్తం అయితే అరవై కేజీలుంటుందండి."

భద్రం గారు స్టూలు మీద కూలబడ్డాడు. వేలేంటి, కేజీలేంటి అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే కొట్టుగదీ, ముగ్గుపిండీ, మోకులూ, అటకా అన్నీ బయటికొచ్చాయి. ఆయన నవ్వాలో కొట్టాలో తెలీక రెండు చేతులూ జోడించాడు.

"ఒరే నాయనలారా! ఆ రాతలు అట్టపెట్టెలో ఉన్న బిళ్ళలకిరా. మింగాక ఉన్నది మీ అమ్మే. ఆవిడకి మంచినీళ్ళు పొయ్యండి, పిల్లని చేతికివ్వండి. అసలు ఎండ లేకే కదా ఆవిడకీ జబ్బు! రేపు పొద్దున్న లేచేసరికి మీ అమ్మ మీద ఎండ పడాలి. పడకపోతే నేనొచ్చి మీ వీపులు పగలగొడతాను!"

ముగ్గురూ సంతోషంగా ఇంటికొచ్చారు. పిల్లని నిచ్చెన మీద నుంచి అమ్మమ్మ చేతికిచ్చారు. ఆదెమ్మ చెంబు ఎత్తి గటగటా నీళ్ళు తాగి, పిల్లని గుండెకి హత్తుకుని వదల్లేదు. ఇంక ఎండ సంగతి మిగిలింది.

"అమ్మెక్కడుంది?" అన్నాడు అబ్బులు.

"అటక మీద."

"ఎండెక్కడుంది?"

"ఇంటి కప్పు మీద."

"మధ్యలో ఏముంది?"

"పెంకులు!"

అంతే. తెల్లారేసరికి ముగ్గురూ కప్పెక్కి, అటక మీద పెంకులన్నీ ఊడబీకి పెరట్లో దొంతులు పెట్టేశారు. బంగారంలాంటి ఎండ వచ్చి ఆదెమ్మ ఒళ్ళో పడింది. ఆవిడ ఆనందం చెప్పనలవి కాదు. వేణ్ణీళ్ళ బిందెలకి తాడు కట్టించి పైకి లాగించుకుంది. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, మనవరాల్ని పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండి నలిచి, "నా తల్లే, నా బంగారమే" అంటూ చెంబులు చెంబులు పొయ్యడం మొదలెట్టింది.

కింద అన్నదమ్ములు చద్దన్నాల ముందు కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నెత్తిన చుక్క పడింది. తర్వాత ధారే పడింది. పైకి చూస్తే చెక్కల సందుల్లోంచి ధగధగా ఎండ.

"ఎండా వానా, కుక్కకీ నక్కకీ పెళ్ళి!" అన్నాడు పోసియ్య చప్పట్లు కొడుతూ.

"వేడి వాన రోయ్! సున్నిపిండి వాసనొస్తోంది" అన్నాడు చిట్టబ్బాయి.

అబ్బులు వీధిలోకెళ్ళి చూశాడు. చుక్క వాన లేదు. పెరట్లోకెళ్ళి చూశాడు. నేల పొడిగా ఉంది. లోపలికొచ్చి తల పంకించాడు. "వాన ఇంట్లోనే పడుతోందిరా. బుద్ధి లేనివాడు పెంకులు ఇంటి పైన వేస్తాడు. వాన ఎక్కడ పడుతుందో అక్కడ వెయ్యాలి." ఇంకేముంది, ముగ్గురూ పెరట్లో పెంకులు మోసుకొచ్చి, వంటింటి నిండా పరిచి, కంచాల మీద కప్పి, తలా ఒకటి నెత్తిన పెట్టుకుని తిండికి కూర్చున్నారు.

"ఒరే, పిల్ల ఏడవడం లేదర్రా! నిద్దర్లో నవ్వుతోంది!" అని పైనుంచి ఆదెమ్మ కేకేసింది.

"ఎందుకేడుస్తుందమ్మా? మన వంశంలో పిల్ల!" అన్నాడు అబ్బులు నెత్తిన పెంకు జారకుండా పట్టుకుని, గర్వంగా పైకి చూస్తూ. "మనమింకా వాన కింద కూర్చున్నాం. అది అప్పుడే వానకి పైన చేరిపోయింది!"