పాత ల్యాప్‌టాప్‌లో ఘాట్ రోడ్డు

నర్సీపట్నంలో బస్సు డిపో వెనక వీధిలో హిమజ అనే అమ్మాయి ఉండేది, ఆమెకు అన్నీ తెలుసు గానీ "ఇక చాలు" అనడం మాత్రం తెలియదు. ఉప్మా చేస్తే జీడిపప్పు, బఠాణీలు, క్యారెట్, వేరుశనగ గుళ్ళు అన్నీ పడాల్సిందే. చివరికి రవ్వ ఎక్కడుందో తినేవాళ్ళు వెతుక్కోవాలి. అలాగని చెడ్డపిల్ల కాదు. ఎవరిమీదైనా ప్రేమ కలిగితే చేతికి అందినదల్లా తెచ్చి వాళ్ళ నెత్తిన పెట్టేసేది, అంతే. అలాంటివాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఒకరిద్దరు ఉంటారు. పేర్లు నేను చెప్పను.

ఆమె తండ్రి సన్యాసిరావు ఇరవయ్యారేళ్ళుగా ఆర్టీసీ డ్రైవరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి బయలుదేరబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడిచెయ్యి వాలిపోయింది. పక్షవాతం అన్నారు. ప్రాణానికి ముప్పు తప్పింది. మాట తిరిగొచ్చింది, కాలు కుదుటపడింది. చెయ్యి మాత్రం మొండికేసింది.

"వేళ్ళు రోజూ కదుపుతూ ఉండాలి. మానేస్తే బిగుసుకుపోతాయి. అప్పుడు నేను కూడా ఏమీ చెయ్యలేను" అన్నాడు డాక్టరు. నొక్కుకోమని ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. సన్యాసిరావు రెండురోజులు నొక్కి, మూడోరోజు దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు.

"బస్సు తోలిన చేతికి బంతేటి?" అన్నాడు.

భార్య వరహాలమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆయన వినలేదు.

హిమజ దగ్గర డిగ్రీ చదువు కోసం కొన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. తెరిచిన పది నిమిషాలకు గానీ ఒళ్ళు విరుచుకునేది కాదు. అందులో ఆమె ఒక బస్సు నడిపే గేమ్ పెట్టింది. బాణం గుర్తులున్న నాలుగు మీటలే స్టీరింగూ, యాక్సిలరేటరూ, బ్రేకూ. అయితే గేమ్‌లో ఉన్నది ఏదో పరాయిదేశపు రోడ్డు. సన్యాసిరావు ఒక్క చూపు చూసి మొహం తిప్పుకున్నాడు.

హిమజ ఊరుకోలేదు. ఇలాంటి గేములకు సరదా ఉన్న కుర్రాళ్ళు కొత్త బస్సులు, కొత్త రోడ్లు సొంతంగా తయారుచేసి నెట్‌లో పెడతారు. వాటిని మాడ్‌లు అంటారు. ఎవరికి కావాలంటే వాళ్ళు తెచ్చుకుని తమ గేమ్‌లో కలుపుకోవచ్చు. వెతగ్గా వెతగ్గా, ఎవరో పుణ్యాత్ముడు చేసిన చింతపల్లి ఘాట్ రోడ్డు దొరికింది. పల్లెవెలుగు బస్సు కూడా దొరికింది. రెండూ కలిపి తండ్రి ముందు పెట్టింది.

సన్యాసిరావు తెర మీదికి వంగాడు. ఎడమచేతి వేలితో రోడ్డు వెంటే పోయి ఒక వంపు దగ్గర ఆగాడు.

"మొండి మలుపు" అన్నాడు చివరికి. డ్రైవర్లు ఆ వంపుకి పెట్టుకున్న పేరు అది. ఆ మాట అంటూనే కుడిచెయ్యి ఎడమచేత్తో ఎత్తి, తనే తీసుకొచ్చి మీటల మీద పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచీ ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పదిగంటలకల్లా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే "డ్యూటీలో ఉన్నాను" అనేవాడు. పైకి ఒక ట్రిప్పు, కిందికి ఒక ట్రిప్పు. నెల తిరిగేసరికి కుడిచేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నాడు. వరహాలమ్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఇక్కడ ఆగి ఉంటే ఈ కథ నేను చెప్పేదాన్ని కాదు.

హిమజ ఆగలేదు. నాన్నకు ఇంకా బాగుండాలనుకుంది. కొండల నిండా కాఫీ తోటలు పెట్టింది. మంచు పెట్టింది. వాన పెట్టింది, అద్దం మీద నీళ్ళు జారేలా పెట్టింది. రోడ్డుకి అడ్డంగా వచ్చే మేకల్ని పెట్టింది. సీతాఫలాల బుట్టలతో ప్రయాణికుల్ని ఎక్కించింది. డ్రైవరు ముందు దేవుడి బొమ్మ, బొమ్మకి దండ, పక్కన అగరొత్తి, దానికి పొగ. రోజుకి రెండు, మూడు, ఒక్కోరోజు ఏడు. కాలేజీ నుంచి రాగానే అదే పని.

పాపం ల్యాప్‌టాప్. అది గురకపెట్టడం మొదలుపెట్టింది. మీటలు వేడెక్కి చెయ్యి చురుక్కుమనేది. హిమజ దాన్ని బోర్లించిన పళ్ళెం మీద పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ తిప్పింది. అయినా బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఇప్పుడు మీట నొక్కితే కాసేపాగి బస్సు తిరిగేది. ఘాట్ రోడ్డు మీద కాసేపంటే లోయే మరి. మొండి మలుపు దగ్గర బస్సు రోజూ కిందికి పోయేది.

సన్యాసిరావు తెరను చూడలేదు, తన చేతినే చూసుకున్నాడు.

"మళ్ళీ మొద్దుబారిపోతోందమ్మా" అన్నాడు.

తప్పు చేసినా ఒప్పు చేసినా మనిషికి ఒక క్షణం ముందు తెలుస్తుంది. హిమజకీ తెలిసింది. ఇది నాన్న చెయ్యి కాదేమో, ల్యాప్‌టాపేమో అని అనుమానం వచ్చింది. కానీ ఆ మాట అంటే అన్నీ తీసెయ్యాలి. మంచు పోతుంది, తోటలు పోతాయి. తను పడ్డ కష్టమంతా పోతుంది. ఆమెకు మనసొప్పలేదు.

"అలవాటైతే వచ్చేస్తుంది నాన్నా. ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించు" అంది.

ఆయన వారం రోజులు గట్టిగా ప్రయత్నించాడు. ఎనిమిదో రోజు డ్యూటీకి రాలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇరవై రోజులు గడిచాయి. డాక్టరు వేళ్ళు వంచి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "బిగుసుకుంటున్నాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే ఇక ఆశ పెట్టుకోకండి" అన్నాడు.

హిమజకు భయం వేసింది. భయం వేసి ఏం చేసింది? ఇంకో ముప్పై మాడ్‌లు పెట్టింది. చాలు అనడం రానివాళ్ళు భయపడ్డా అంతే. అదీ సరిపోదనుకుని ఆదివారం పొద్దున్న కొండబాబుని రమ్మని ఫోన్ చేసింది. కొండబాబు పద్ధెనిమిదేళ్ళు ఆ బస్సులో సన్యాసిరావుతో పనిచేసిన కండక్టరు.

ఆయన పనసతొనల పొట్లంతో వచ్చాడు. "నీ బస్సు ఎక్కి ఎన్నాళ్ళైంది గురూ. ఒక్క ట్రిప్పు తీసుకెళ్ళు" అన్నాడు. స్నేహితుడి మాట కాదనలేక సన్యాసిరావు వచ్చి కూర్చున్నాడు. హిమజ కుర్చీ వేస్తే కొండబాబు వద్దన్నాడు. స్నేహితుడి కుర్చీ వెనక నిలబడి, "రైట్, పోనీ" అన్నాడు.

బస్సు కదిలింది. మంచులో నుంచి, వానలో నుంచి, మేకల మధ్య నుంచి కుదుపుతూ కుదుపుతూ వెళ్ళింది. మొండి మలుపు వచ్చింది. బస్సు లోయలోకి పోయింది.

సన్యాసిరావు మీటల మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"చూశావు కదా కొండబాబూ. ఈ చెయ్యి ఇక నా మాట వినదు. నన్ను వదిలెయ్యండి" అన్నాడు. ఇరవయ్యారేళ్ళలో ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యని మనిషి ఆయన.

"ఇంకోసారి నడుపు" అన్నాడు కొండబాబు.

"ఎందుకు, పోయిన పరువు చాలదా?"

"నా కోసం."

మళ్ళీ నడిపాడు. బస్సు మళ్ళీ లోయలోకి పోయింది. కొండబాబు మాత్రం తెర వైపు చూడనే లేదు.

"ఘాట్‌లో కండక్టరు రోడ్డు చూడడమ్మా. చూస్తే గుండె జారిపోతుంది. డ్రైవరు చెయ్యి చూస్తాడు. పద్ధెనిమిదేళ్ళు నేను ఈ చెయ్యి చూసే బతికాను" అన్నాడు హిమజతో. "వేలు వేళకే పడింది. నేను ఒకటి, రెండు అనుకున్నాక గానీ బండి తిరగలేదు. ఈ బండిలో ఎంతమందిని ఎక్కించావేటి?"

హిమజ తల వంచుకుంది. "నూట ముప్పై ఏడు మాడ్‌లు బాబాయ్."

"ఇది ఎంత మొయ్యగలదు?"

"పదో, పదిహేనో."

"మరి కండక్టరువి నువ్వే కదమ్మా. చోటు లేదని ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా."

హిమజ తండ్రి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుండిపోయింది. "నీ చెయ్యి కాదేమోనని నాకు ముందే అనుమానం వచ్చింది నాన్నా. అన్నీ తీసెయ్యాల్సి వస్తుందని చెప్పలేదు. నీ కోసమే పెట్టాను, నీకే చెప్పలేదు" అంది. ఆపైన ఏడుపు వచ్చేసింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ. మనిషి కళ్ళముందే కుంగిపోతుంటే చూస్తూ కూర్చున్నావా?" అంది గుమ్మంలో నిలబడ్డ వరహాలమ్మ. ఇంకా అనబోయి, భర్త మొహం చూసి ఆగిపోయింది.

ఆయనకు కోపం రాలేదు. కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు మెల్లగా ముడిచి, మెల్లగా తెరిచి చూసుకుంటున్నాడు.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?" అని అడిగాడు.

"బాగానే ఉంది నాన్నా."

ఆయన ఆ చెయ్యి తీసుకెళ్ళి కూతురి తలమీద పెట్టాడు. "సరే, లే. అందర్నీ దింపు" అన్నాడు.

హిమజ కళ్ళు తుడుచుకుని లేచింది. ఈసారి ఒక్కొక్కటీ అడిగి తీసింది.

"మంచు?"

"తీసెయ్. అది ఎప్పుడు విడుతుందా అని ఇరవయ్యారేళ్ళు ఎదురుచూశాను. అదెవరికి కావాలమ్మా."

"వాన?"

"వద్దు."

"మేకలు?"

"వాటి ఊసు నా దగ్గర ఎత్తకు" అన్నాడు. కొండబాబు పకపకా నవ్వాడు.

ప్రయాణికుల దగ్గర సన్యాసిరావు కొండబాబు వైపు చూశాడు. "వాళ్ళనీ దింపెయ్. వీడున్నాడుగా" అన్నాడు. చివరికి రోడ్డూ, బస్సూ, హారనూ మిగిలాయి. హారన్ మాత్రం ఆయన వదలలేదు. కొండలు సున్నం వెయ్యని గోడల్లా బోసిగా ఉన్నాయి. హిమజకు చూడబుద్ధి కాలేదు. ల్యాప్‌టాప్ మాత్రం గురక మానేసింది.

"రైట్, పోనీ."

బస్సు వేలు చెప్పినట్టు కదిలింది. మొండి మలుపు వచ్చింది. ఇరవై రోజులు పని లేక వేలు వణికింది, అయినా వేళకు పడింది. బస్సు ఒళ్ళు వంచుకుని మలుపు తిరిగి, బోసి కొండల మధ్య నుంచి చింతపల్లి చేరింది. వరహాలమ్మ భర్త భుజం మీద చెయ్యి వేసి, తియ్యడం మరిచిపోయింది.

"కిందికి ట్రిప్పు ఉంది" అన్నాడు సన్యాసిరావు. దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డ కూతుర్ని చూశాడు. "నువ్వూ ఎక్కమ్మా. చోటుంది."

ప్రేమతో పెట్టినా బరువు బరువే. మోసేవాళ్ళు తడబడితే, వాళ్ళకు చేతకాలేదనే ముందు మనం ఎంత ఎక్కించామో చూసుకుని, ఎక్కువైతే ఆ మాట మనమే ముందుగా ఒప్పుకోవాలి.