ఢీ పందెం

ఒక రాజుకు ఢీ పందెమంటే ఇష్టం. ఇద్దరు మల్లులు ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి తలలతో ఢీకొంటారు. నిలబడ్డవాడు గెలిచినట్టు. పడ్డవాడు కాసేపటికి లేచి, నుదుటి దుమ్ము తుడుచుకుని, నవ్వుతూ ఇంటికి పోతాడు. అందువల్ల ఆ ఆటలో హాని ఉందని ఎవరికీ తోచలేదు.

ఆ రాజ్యంలోని వైద్యురాలికి గురవడని ఒక తమ్ముడు ఉన్నాడు. ఒకప్పుడు పేరుమోసిన మల్లుడు. బరి విడిచిన చాలా ఏళ్లకు, ఇంకా నడివయసులో ఉండగానే, అతని చేతులు వణకడం మొదలైంది. తర్వాత మాట తడబడింది. ఒకరోజు అన్నం వడ్డిస్తున్న అక్కను చూసి, "ఎవరమ్మా నువ్వు? మీది ఏ ఊరు?" అని మర్యాదగా అడిగాడు.

ఆమె పాత మల్లుల ఇళ్లన్నీ తిరిగింది. చాలా ఇళ్లలో అదే పరిస్థితి. వెళ్లి రాజుతో చెప్పి, పందెం ఆపించమని వేడుకుంది. సేనాపతి ఒప్పుకోలేదు. దెబ్బ తగిలిననాడు లేచి నడిచినవాడికి ఇన్నేళ్లకు ఏదో అయితే, ఆ తప్పు వయసుదే గానీ దెబ్బది కాదన్నాడు. రాజు ఇద్దరి మాటా విని, ఆమెకు ఒకే ఈతలో కవలలుగా పుట్టిన రెండు పొట్టేలు పిల్లల్ని ఇప్పించి, రుజువు తెమ్మన్నాడు.

ఆమె రెంటినీ ఒకే దొడ్డిలో, ఒకే మేతతో పెంచింది. కొమ్ములు తిరిగాక ఒకదాన్ని కట్టి, గుడ్డ చుట్టిన సుత్తితో తల మీద కొట్టింది. మల్లుల తలలు తాకినంత బలంగా, మళ్లీ మళ్లీ కొట్టింది. ఆ పని ఇంకొకరికి అప్పగించడానికి మనసొప్పలేదు. పొట్టేలు పడింది, లేచింది, కాసేపటికి మేతకు వంగింది. చూసి వెళ్దామని వచ్చిన సేనాపతి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఇంకొంత కాలం ఓపిక పట్టమని ఆమె రాజుకు కబురు పంపింది.

కాలం గడిచింది. దెబ్బ తిన్న పొట్టేలు గోడకు ముఖం పెట్టి నిలబడిపోయేది. తలుపు తెరిచే ఉన్నా దొడ్డిలోకి దారి తెలియక బయట అరిచేది. తోబుట్టువు దగ్గరికొస్తే బెదిరి పారిపోయేది. రెండోది మాత్రం చక్కగా తిరుగుతూనే ఉంది. చివరికి మొదటిది చచ్చిపోయింది. పోల్చి చూపాలి కాబట్టి, ఏ జబ్బూ లేని రెండోదాన్నీ కోయించక తప్పలేదు.

రాజు ఎదుట రెండు పుర్రెలూ తెరిచారు. ఒకదానిలో మెదడు నిండుగా ఉంది. దెబ్బ తిన్నదానిలో కుంచించుకుపోయి, చుట్టూ ఖాళీ కనిపిస్తోంది.

"ఇది పొట్టేలు," అన్నాడు సేనాపతి. "మనిషికీ ఇలాగే అవుతుందని ఏముంది?"

"ఎముక కింద అదీ మనమూ ఒకటే, ప్రభూ," అంది వైద్యురాలు. "దెబ్బ తగిలితే మనలాగే నలుగుతుంది. మనలాగే మెల్లగా అన్నీ మరిచిపోతుంది."

రాజు వంగి రెండు పుర్రెల్లోకీ చూశాడు. "నమ్ముతున్నాను," అన్నాడు.

మర్నాడు వీధుల్లో దండోరా వేశారు. ఇకమీదట ఏ మనిషీ ఢీ పందెంలోకి దిగకూడదు. మల్లుల భార్యలు వచ్చి వైద్యురాలి కాళ్లకు దండం పెట్టారు. దండోరా వేసేవాడు పక్క వీధిలోకి తిరుగుతూ మిగతాది చాటాడు. పందెం ఆగదు. ఈ పండగ నుంచి మల్లుల బదులు పొట్టేళ్లు ఢీకొంటాయి.

అరుగు మీద కూర్చున్న గురవడు, ఏం చాటుతున్నాడని అడిగాడు. ఆమె చెప్పింది. అతను మంచిదే అన్నట్టు తలూపి, అంతలోనే ఏదో అనుమానం వచ్చినవాడిలా ఆమె వైపు తిరిగాడు.

"మరి, పొట్టేళ్లకేం కాదా అమ్మా?"

ఆమె అన్నం కలిపి, ముద్ద చేసి అతని నోటికి అందించింది.