అవ్వ తుడిచిన ఆకు

ఆ నగరంలో ఎలుకలు ఎక్కువ. మనుషులు వాటికన్నా కాస్త తక్కువ.

ఎలుకలు పట్టే పని ఒక ముసలావిడది. భుజాన బోనులు వేలాడేసుకుని వీధులన్నీ తిరిగేది కాబట్టి ఊరంతా ఆమెను బోనుల అవ్వ అనేవారు. కోటగోడ పక్కన ఆమె గుడిసె. పుట్టింది అందులోనే, మొగుణ్ణి సాగనంపింది అందులోంచే. అవ్వ గట్టి పనిమంతురాలు. ఆమె బోను పెట్టిందంటే ఎలుక చిక్కాల్సిందే.

ఆ నగరానికి ఒక పద్ధతి ఉంది. అవ్వ బోనులు నిండిన ప్రతిసారీ రాజు విజయోత్సవం చేయించేవాడు. వాడవాడలా బంతిభోజనాలు. ఆకు ఊడ్చి తింటే లేకివాళ్లంటారని అందరూ సగానికి సగం వదిలేసి లేచేవారు. ఆ ఎంగిలాకులను ఎవరి గుమ్మం ముందు వాళ్లు గుట్టగా పోసుకునేవారు. గుట్ట ఎంత ఎత్తయితే ఆ ఇల్లు అంత గొప్పది. అన్నిటికన్నా ఎత్తయిన గుట్ట, చెప్పాలా, రాజుగారిది. దాన్ని వారం దాకా ఎవరూ కదపకూడదు.

అదేం విడ్డూరమో, పది ఎలుకలు పోతే వంద వచ్చేవి.

"ఈ ముసలిదే పట్టినవాటిని మళ్లీ వదులుతోంది ప్రభూ! ఎలుకలు పోతే దానికి పనెక్కడిది?" అన్నాడు మంత్రి. ఆయన ఇంటి ముందు గుట్ట రాజుగారి గుట్టకు జానెడే తక్కువ.

రాజుకు నిజమేననిపించింది. అవ్వను పిలిపించాడు. "అమావాస్య దాటాక నా సభలో ఒక్క ఎలుక కనబడినా నువ్వు కోట విడిచి పోవాలి, అవ్వా" అన్నాడు.

ఈ వయసులో అవ్వ ఎక్కడికి పోతుంది? ఒళ్లు మండింది. ఆ మంటలోనే మర్నాడు పొద్దున్నే వెళ్లి రాజుగారి గుట్టకు ఎదురుగా చతికిలబడింది. చూస్తుండగానే ఒక తల్లి ఎలుక పిల్లల్ని వెంటేసుకుని పేరంటానికొచ్చినట్టు వచ్చి, బూరెలు కొరకడం మొదలెట్టింది. అవ్వ తన బోనులో కట్టిన కొబ్బరిముక్కను చూసుకుంది. గుట్టను చూసింది.

"ఓసి నా పిచ్చిమొహమా!" అని నెత్తి కొట్టుకుంది.

లేచి తిన్నగా సభకు నడిచింది. "దొరా, ఈసారి విజయోత్సవం ముందే జరిపించు. నీ సభలోనే బంతి వేయించి, నీ ఎదురుగా నాకో ఆకు వేయించు. అంతకన్నా ఏం అడగను."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని మంత్రి పకపకా నవ్వాడు. రాజుకు మాత్రం సరదా వేసింది. అమావాస్య మర్నాటి మధ్యాహ్నానికి విందు ఖాయం చేశాడు.

పప్పు, పులిహోర, బూరెలు, పాయసం. అందరూ సగం తిని చేతులు దులుపుకున్నారు. అవ్వ మెతుకు మిగల్చకుండా తిన్నది. ఆకును వేలితో తుడిచి, ఆ వేలు నాకింది. బంతంతా ముక్కున వేలేసుకుంది.

"నా విందులో ఇదేం లేకితనం?" అని రాజు మండిపడ్డాడు.

"కోప్పడు దొరా, కానీ లేవద్దు. కాసేపు కదలకుండా కూచో."

సింహాసనం కిందనుంచి ఒక పందికొక్కంత ఎలుక బయటికొచ్చింది. ముందు అవ్వ తిన్న ఆకును వాసన చూసింది. అక్కడేమీ లేదు. అటునుంచి రాజుగారి ఆకు వైపు తిరిగి, బూరె మీదికి మూతి చాచింది.

"కనబడింది! ఎలుక కనబడింది! ముసలిదాన్ని వెళ్లగొట్టండి!" అని మంత్రి కేక పెట్టాడు.

అవ్వ లేచి రాజుగారి ఆకు వైపు వేలు చూపింది.

"నేను బోనులో కొబ్బరిముక్క పెట్టి ఎలుకను పిలుస్తా దొరా. నువ్వు వీధికో గుట్ట పోయించి పిలుస్తున్నావు. నీ పిలుపు ముందు నా పిలుపు ఏపాటిది?"

రాజు ఎలుకను అదిలించాడు. మళ్లీ ఆకు మీదికి వంగి, మిగిల్చినదంతా తిన్నాడు. ఆకు తుడిచాడు. మడిచాడు.

రాజే తుడిచాక ఇంకెవరు మిగులుస్తారు? మంత్రి పొలమారుతున్నా ఆపకుండా మింగాడు. మీసాలకు పాయసం అంటితే అదీ వదల్లేదు. సాయంత్రానికల్లా గుట్టలన్నీ బండ్లెక్కి పొలాల ఎరువు గుంటల్లోకి పోయాయి.

కడుపు మాడిన ఎలుకలు అవ్వ కొబ్బరిముక్కకు ఎగబడ్డాయి. చిక్కినవి పోగా మిగిలినవి పదిహేను రోజులకు, పట్టపగలు, బారులు తీరి ఉత్తర ద్వారం దాటాయి. జనం డప్పులు కొట్టారు, ఈలలు వేశారు, ఒకరినొకరు కావలించుకున్నారు. కోటగోడ ఎక్కి చూస్తున్న అవ్వకు ఆనందం పట్టలేక ఏడుపొచ్చింది. గుడిసె నిలిచింది. నగరమూ నిలిచింది.

"ఏం కావాలో కోరుకో, అవ్వా" అన్నాడు రాజు.

అవ్వ తన పాత బోను ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "దీన్ని నీ సింహాసనం కింద ఉంచుకో దొరా."

"ఎలుకలే లేవుగా?"

"ఎలుక కోసం కాదు. నిన్ను పట్టడానికి ఎవరైనా లోపల కొబ్బరిముక్క పెట్టారేమో రోజూ చూసుకో."

అప్పటినుంచి రాజు సభకు రాగానే ముందు వంగి సింహాసనం కిందికి చూస్తాడు. రాజు వంగాడని మంత్రి వంగుతాడు, మంత్రి వంగాడని సభంతా వంగుతుంది. ఆ కాసేపూ ఆ కొలువులో నిటారుగా నిలబడి ఉండేది బోనుల అవ్వ ఒక్కతే.