పైమెట్టు మీది మనిషి

ఏదైనా అడిగితే కామోజు మేస్త్రి జవాబు చెప్పడు. చెవి మీది పెన్సిలు తీసి, ముల్లు చూసుకుని, మళ్లీ చెవి మీదే పెట్టుకుని, లేచి నడుస్తాడు. అడిగినవాళ్లు వెనకాల వెళ్లాలి. అలా వెళ్లి వెళ్లి ఆయన శిష్యుల్లో సగంమందికి మోకాళ్లు అరిగి దుమ్మయిపోయాయి. తక్కినవాళ్లు అవి అరిగేలోపే పారిపోయారు. చివరికి మిగిలింది ఈశ్వరి.

ఊరి బయట కొండవాలున, రాతిమెట్లతో ఒక ఆరుబయలు నాటకశాల ఉంది. అక్కడ ఆడే బృందం వానాకాలంలోనూ సాధన చేసుకునేందుకు, అక్కడే మెట్లకు ఎదురుగా ఒక చెక్క ఇల్లు కట్టాలి. ఈశ్వరి నాలుగు నెలలుగా దాని నమూనా గీస్తోంది. గీసిన కాగితాలన్నీ వరసగా పరిస్తే, వాటి మీద నడుచుకుంటూ రైలు స్టేషనుకు వెళ్లి రావచ్చు. ప్రతిదాన్నీ మేస్త్రి మడిచి పక్కన పెట్టి, ఇంకోటి గియ్యమన్నాడు. ఇప్పుడు టేకు దుంగలు కోత మిల్లుకు చేరిపోయాయి. నేటికి తొమ్మిదో రోజున రంపం వేస్తారు. కోసిన మానును మళ్లీ అతికేవాడు ఇంకా పుట్టలేదు. ఇది కూడా కాదంటే పని మానేసి ఇంటికి పోవాలని ఈశ్వరి తేల్చుకుంది. కోపంతో కాదు, ఓపిక లేక.

"మేస్త్రిగారూ, నాలుగు వైపులా మందపాటి పలక గోడలు పెట్టాను. గాలి రాదు, జల్లు రాదు, మాట బయటికి పోదు. ఇందులో తప్పెక్కడుందో ఈ ఒక్కసారి నోటితో చెప్పండి," అంది.

ఆయన పెన్సిలు ముల్లు చూసుకుని లేచాడు.

తీసుకెళ్లింది కలప అడితికి. అక్కడ రేకుల కప్పు కింద నాలుగు వైపులా పలకలు నిలబెట్టి ఉన్నాయి. బృందంలో రాజు వేషం కట్టే పేరయ్యను పిలిపించి, వారం రోజులు అందులోనే సాధన చెయ్యమన్నాడు. ఆ పలకల మధ్య పేరయ్య నోరు తెరిస్తే చాలు, మేఘం గర్జించినట్టుండేది. కప్పు కింద చేరిన గేదెలు నెమరు మానేసి వినేవి. తన గొంతు తనకే ముద్దొచ్చి రోజురోజుకూ ఇంకాస్త మెల్లగా, ఇంకాస్త హాయిగా పలికాడు. తను గీసిన ఇల్లూ ఇలాగే పలుకుతుందని ఈశ్వరికి ప్రాణం లేచొచ్చింది.

ఎనిమిదో రోజు సాయంత్రం మేస్త్రి అందరినీ నాటకశాలకు నడిపించాడు. ఆ బృందానికి పాత అలవాటొకటుంది. సాధనప్పుడు అన్నిటికన్నా పైమెట్టు మీద, ఆ చోటు ఊడ్చే చెంచమ్మ కూర్చుంటుంది. మాట తేటగా చేరితే ఒళ్లోని తువ్వాలు పైకెత్తుతుంది. అది లేచేదాకా నటుడు తర్వాతి మాటకు పోకూడదు. ఈ నాలుగు నెలల్లో ఈశ్వరి వేదికను కొలిచింది, నటుల ఎత్తులు కొలిచింది, వాళ్ల చెప్పుల జోళ్లూ లెక్కపెట్టింది. ఆ మెట్టు మాత్రం ఎక్కలేదు.

పేరయ్య మొదటి మాట పలికాడు. కొండగాలి దాన్ని మూడో మెట్టు దగ్గరే ఎత్తుకుపోయింది. తువ్వాలు లేవలేదు. మళ్లీ పలికాడు, మళ్లీ, మళ్లీ. గొంతు జీరపోయింది, మెడనరాలు మోకుల్లా ఉబ్బాయి. తువ్వాలు లేవలేదు. చివరికి చెంచమ్మే లేచి, మోకాళ్లు పట్టుకుంటూ, ఒక్కో మెట్టుకూ ఒక్కో యుగం తీసుకుంటూ కిందికొచ్చింది.

"ఇంకా మొదలెట్టలేదా అయ్యా? పొద్దుపోతోంది," అని అడిగింది.

పేరయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

ఈశ్వరి కాగితం విప్పి, పైమెట్టు వైపు ఒకసారి చూసింది. తర్వాత మేస్త్రి చెవి మీది పెన్సిలు తనే తీసుకుని, మెట్ల వైపున్న గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టేసింది. కప్పు ఉంచింది. కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన ఈసారి దాన్ని మడవలేదు.

వెళ్లిపోదామనుకున్న మనిషి అక్కడే మెట్టు మీద కూలబడింది. రేపు రంపం వేయించొచ్చు. కానీ ఇంత చెక్క మిగిలిపోతుందే, దాన్నేం చేయాలని నీరసంగా అడిగింది.

మేస్త్రి పైకి చూశాడు. చెంచమ్మ మళ్లీ మెట్లెక్కుతోంది.

"ఆవిడకో కుర్చీ చెయ్యి, అమ్మాయీ. వీపు ఆనేలా చూడు."